పీసీఎం పలక జిడ్డు కారుతోందా? పూత వేసే ముందు తూచండి

పీసీఎం (ఫేజ్ చేంజ్ మెటీరియల్) అంటే కరిగేటప్పుడు వేడిని దాచుకుని, గడ్డకట్టేటప్పుడు వదిలే పదార్థం. ఇక్కడ అది పారాఫిన్ మైనం, పలకలోని సన్నని రంధ్రాల్లో నింపి ఉంటుంది.

లక్షణం: నాలుగైదు సార్లు వేడెక్కి చల్లారేసరికి ఇన్సులేషన్ పలక అంచుల్లో తడి, పక్క పొర మీద మరక.

ముందు అది పారాఫినో, చెమ్మో తేల్చుకోండి. దాదాపు అందరూ వదిలేసే పని ఇదే. ఫిల్టర్ పేపర్‌తో అద్ది ఆరనివ్వండి. నీళ్లైతే మరక పోతుంది. పారాఫినైతే కాగితం నూనె కాగితంలా వెలుతురు దూరేలా మిగిలిపోతుంది. తర్వాత పలకను తూచి బరువు రాసుకోండి. ఈ అంకె లేకుండా సీలు మార్చడం దండగ.

కరిగే ఉష్ణోగ్రతకు 15 డిగ్రీలు పైన గంటసేపు ఉంచి, చల్లార్చి, మళ్లీ తూచండి. ఆక్టాడెకేన్ అనే పారాఫిన్ 28 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి దానికి 43 చాలు. ఇలా 20 విడతలు, ప్రతిసారీ అడుగున కొత్త కాగితం.

బరువు కొన్ని విడతలు తగ్గి ఆగిపోతే

నింపింది ఎక్కువైంది. లెక్క సరిగ్గానే కనిపిస్తుంది, మోసమంతా అక్కడే. పారాఫిన్ సాంద్రత గడ్డగా ఉన్నప్పుడు మిల్లీలీటరుకు సుమారు 0.88 గ్రాములు, కరిగితే 0.77. వంద మి.లీ. రంధ్రాలకు 88 గ్రాములు వేస్తే, కరిగాక అది 114 మి.లీ. అవుతుంది. ఆ 14 మి.లీ. బయటికి రాక తప్పదు. ఎప్పుడూ ద్రవ సాంద్రతతోనే లెక్కకట్టండి.

దీనికి తోడు ఇంకోటి: పొడిగా ఉన్నప్పుడు పరీక్షలో నెగ్గిన మిశ్రమాన్ని పలకగా నొక్కుతారు. నొక్కితే రంధ్రాలు మూసుకుపోతాయి, పొడికి సరిపోయిన పారాఫిన్ పలకకు ఎక్కువవుతుంది. అందుకే లెక్క పూర్తయిన పలక ఘనపరిమాణం నుంచి మొదలవ్వాలి. వంద మి.లీ. పలకలో 22 గ్రాముల వ్యాకోచిత గ్రాఫైట్ (పారాఫిన్‌ను రంధ్రాల్లో పట్టి ఉంచే ఆధార పదార్థం) ఉంటే, సాంద్రత 2.2 కాబట్టి అది ఆక్రమించేది 10 మి.లీ. మిగిలిన 90కి 69 గ్రాములు పడతాయి. రంధ్రాలన్నీ తెరుచుకుని ఉండవు, 62 దగ్గర ఆగండి. అచ్చుకు స్టాపర్ పెట్టి మందం దాటి నొక్కకుండా చూడండి.

ఇప్పటికే తయారైన పలకను పారేయక్కర్లేదు. అదే వేడిలో పీల్చుకునే కాగితంపై నిలబెట్టి, బరువు నిలకడయ్యేదాకా కాగితం మారుస్తూ ఉండండి. ఆ తర్వాతే తుడిచి ఎపాక్సీ పూత వేయండి. జిడ్డు మీద పూత అంటదు.

తగ్గుదల ఆగకపోతే

పలకను పెట్టి సీలు చేసిన సంచి చూడండి. పాలిథిన్‌కు చిల్లు లేకపోయినా పారాఫిన్ దాని గుండా మెల్లగా ఊరుతుంది. అల్యూమినియం రేకు పొర ఉన్న సంచి వాడండి, సీలు పడే పట్టీకి మైనం అంటనివ్వకండి. సహజ రబ్బరు, ఈపీడీఎం (ఒక కృత్రిమ రబ్బరు) గాస్కెట్లు పారాఫిన్ తగిలితే ఉబ్బుతాయి, నైట్రైల్ రబ్బరువి వేయండి. సంచి లేని పలకైతే రంధ్రాలు మరీ పెద్దవి, ద్రవాన్ని పట్టి ఉంచలేవు. ఆధార పదార్థం మార్చాల్సిందే.

పారాఫిన్ మైక్రోక్యాప్సూల్స్‌లో (కంటికి కనిపించనంత చిన్న గుళికల్లో) ఉంటే, అవి పగిలాయేమో చూడండి. పగిలితే కలిపే వేగం తగ్గించండి.