తాడోబా సఫారీ: పులి జాడ ఎలా పట్టాలి

బల్లార్షా, రాజురా, సిరొంచా వైపు మనవాళ్ల ఇళ్లకు ఎండాకాలం సెలవుల్లో వచ్చే చుట్టాలు మొదట అడిగేది మహారాష్ట్రలోని పులుల అడవి తాడోబానే. చంద్రపూర్ నుంచి మొహర్లీ గేటు సుమారు 30 కిలోమీటర్లు. మనకు అదే దగ్గర, రద్దీ కూడా అక్కడే ఎక్కువ. పోయాక చూసుకుందాంలే అనుకుంటే చాలాసార్లు వెనక్కి రావాల్సిందే. అటవీశాఖ వెబ్‌సైటులో ముందే బుక్ చేసుకోండి. మంగళవారం సెలవు. జూలై నుంచి సెప్టెంబరు దాకా కోర్ (లోపలి) అడవి మూసేస్తారు, దాని చుట్టూ ఉండే బఫర్ అడవిలో కొన్ని గేట్లు మాత్రం తెరిచి ఉంటాయి. జిప్సీకి (ఓపెన్ జీపు) ఆరుగురు, గైడు, డ్రైవరు వేరు. సెల్‌ఫోన్ లోపలికి రానివ్వరు. అందుకే టికెట్ కాగితం మీద తీసుకోండి, బుకింగులో రాసిన గుర్తింపు కార్డు అసలుదే పెట్టుకోండి.

పులి కోసమే అయితే ఏప్రిల్, మే నెలలు మేలు. ఇది టేకు, వెదురు అడవి. అప్పటికి టేకు ఆకు రాల్చేస్తుంది, చూపు దూరం సాగుతుంది. వాగులు ఎండిపోయి జంతువులన్నీ చెరువులకూ నీటి గుంటలకూ చేరతాయి. ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి కాబట్టి మనిషికి రెండు లీటర్ల నీళ్లు, తలకు తడి తువాలు తప్పనిసరి. కెమెరాకు గుడ్డ చుట్టండి, ఎర్రదుమ్ము లెన్స్ సందుల్లోకి దూరుతుంది. డిసెంబరు, జనవరి పొద్దుటి సఫారీకైతే స్వెట్టర్ లేకుండా ఓపెన్ జీపు ఎక్కొద్దు.

చాలామంది చేసే తప్పు, డ్రైవరును తొందరపెట్టి గేటు నుంచి గేటుకు తిప్పించడం. ఇంజను మోతలో అడవి చెప్పేదేమీ వినపడదు. నీటి గుంట దగ్గర బండి ఆపించి, ఇంజను బంద్ చేయించి, ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోండి.

ప్రమాదం చూసి జంతువులు అరిచే అరుపులన్నిటినీ ఒకేలా నమ్మకూడదు. దుప్పి బెదురు గొడ్డు. రేచుకుక్కను చూసినా, నక్కను చూసినా అరుస్తుంది. ఒక్కసారి అరిచి మేతలో పడితే వదిలేయండి. కొండముచ్చు చెట్టు కొమ్మ మీంచి చూస్తుంది కాబట్టి దాని మాటకు విలువెక్కువ. దగ్గు లాంటి అరుపు ఆగకుండా వస్తుంటే అది ఏ వైపు ముఖం పెట్టిందో చూడండి. అన్నిటికన్నా నమ్మదగ్గది సాంబరు (కణితి) అనే పెద్ద జింక. తోక నిక్కబొడిచి, ముందుకాలు నేలకేసి కొడుతూ గట్టిగా అరిచిందంటే పులో చిరుతో చాలా దగ్గర్లోనే ఉంటుంది. అరుపు చోటు మారుతూ వస్తోందంటే జంతువు నడుస్తోందన్నమాట. అది రోడ్డు ఎక్కడ దాటుతుందో గైడు అంచనా కడతాడు, ఆయన మాట వినండి.

అడుగులు కూడా చదవొచ్చు. పులి మెత్తటి దుమ్ము బాటనే ఇష్టపడుతుంది. అడుగు మీద టైరు గీత పడితే జీపు వెళ్లకముందే నడిచిందన్నమాట. టైరు గీత మీద అడుగు పడితే జీపు తర్వాత నడిచింది. అంచులు పదునుగా ఉంటే కొత్తది. గోళ్ల గుర్తులుంటే సాధారణంగా అది రేచుకుక్కది. మగపులి అడుగు దాదాపు చతురస్రంగా, ఆడపులిది కాస్త పొడవుగా కనిపిస్తుంది, కాని బురదలో ఈ తేడా నమ్మొద్దు.

పులే దొరకాలని మిగతా అడవిని వదిలేస్తే ఎంతో పోగొట్టుకున్నట్టే. నల్లమద్ది బెరడు మొసలి వీపులా పగిలి ఉంటుంది. ఆకు రాలిన తపసి చెట్టు తెల్లగా మెరుస్తుంది. తాడోబా చెరువులో మొసళ్లున్నాయి. ఎలుగుబంటి తవ్విన చెదపుట్టలు, అడవిదున్నల గుంపులు బాట పక్కనే కనిపిస్తాయి.

పులి ఎదురైతే లేచి నిలబడొద్దు, పిలవొద్దు, వేలు చూపిస్తూ కేకలేయొద్దు. ఎండలో అది నీళ్లలోకి వెనక కాళ్లతో దిగి కూర్చుంటుంది, తొందరగా లేవదు, ఫొటోలకు సమయం బోలెడుంటుంది. రోడ్డు దాటబోతుంటే మాత్రం దాని దారికి అడ్డంగా బండి పెట్టనివ్వకండి. జీపులు వరుసగా అడ్డం నిలిస్తే పులి వెనక్కి తిరిగి వెదురు పొదల్లోకి వెళ్లిపోతుంది, పిల్లలతో ఉన్న తల్లి అయితే పిల్లలు అవతలే చిక్కుకుపోతాయి.