రెజొనెన్స్ బొమ్మలకు పెన్ను, పెన్సిల్ చిట్కా
గుంటూరు బ్రాడీపేటలో ఇంటర్ పిల్లలకు ట్యూషన్ చెప్తుంటాను. రెజొనెన్స్ అంటే ఒకే అణువును, ఎలక్ట్రాన్ల చోటు మాత్రమే మారే రెండు మూడు బొమ్మలతో (నిర్మాణాలతో) చూపడం. అది గీయమంటే సగం మంది నిర్మాణాల మధ్య సమతాస్థితి బాణాలు (ఎదురెదురు దిశల్లో రెండు బాణాలు) పెట్టేస్తారు. అక్కడ ఉండాల్సింది రెండు కొసలా మొన ఉన్న ఒకే బాణం. అణువు ఈ రూపం నుంచి ఆ రూపానికి ఊగిసలాడదు మరి. బొమ్మలో సింగిల్, డబుల్ బాండ్‌లు మార్చి మార్చి గీసినా, నిజానికి బెంజీన్‌లో కార్బన్‌ల మధ్య బంధాలు ఆరూ ఒకే పొడవు, దాదాపు 139 పికోమీటర్లు.

నేను చేయించేది ఇదీ: పరమాణువులు, సిగ్మా బంధాలు (ప్రతి బంధంలో మొదటి గీత) పెన్నుతో వేయండి. డబుల్ బాండ్‌లో రెండో గీత, ఒంటరి జంటలు (బంధంలో పాల్గొనని ఎలక్ట్రాన్ జతలు), ఆవేశాలు మాత్రం పెన్సిల్‌తో. తర్వాతి నిర్మాణానికి పెన్సిల్ గీతలే మారాలి. పెన్నుతో గీసింది, హైడ్రోజన్ ఒక్కటైనా సరే, కదిలిందంటే అది రెజొనెన్స్ కాదు, వేరే పదార్థం. ఆవేశం మొత్తం కూడా కూడి చూడండి. కార్బొనేట్ అయితే మూడు బొమ్మల్లోనూ మైనస్ 2 రావాలి.