అలాయ్ చక్రాలకు బ్యాలెన్సింగ్: షాపులో కారు దింపే ముందు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు వానాకాలంలో కారు నడిపేవాళ్లకు మొదటి జాగ్రత్త ఇది: రిమ్ లోపలివైపు అంటిన బురద గీకి, కడిగించాకే చక్రాన్ని మెషీన్ ఎక్కించండి. బురదతోనే బ్యాలెన్స్ చేస్తే, అది రాలిన రోజు స్టీరింగ్ మళ్లీ వణుకుతుంది.

చక్రం వణక్కుండా రిమ్‌కు తగిలించే చిన్న బరువుల సంగతి ముందే మాట్లాడుకోండి. బయటి అంచుకి సుత్తితో కొట్టే క్లిప్పులు వద్దు. అక్కడ పూత లేచిందంటే తేమ చేరి, కిందంతా తెల్లగా పొక్కుతుంది. లోపలి అంచుకైతే సర్దుకోవచ్చు గానీ, నా ఓటు స్పోకుల వెనక అంటించే బరువులకే. మెషీన్‌లో అలాయ్ మోడ్, అంటే అంటించే బరువులకు ఉండే సెట్టింగ్, పెట్టమనండి. అంటించే చోట బ్రేక్ దుమ్ము తుడిచి, స్పిరిట్‌తో శుభ్రం చేసి, పూర్తిగా ఆరాక గట్టిగా నొక్కాలి. తడి మీద అంటిస్తే ఘాట్ రోడ్డులో ఎక్కడో ఊడిపోతుంది. చక్రం బిగించాక చేత్తో తిప్పి, బరువు బ్రేక్ కాలిపర్‌కు (చక్రం లోపల బ్రేక్ డిస్కును పట్టే భాగానికి) తగలట్లేదని చూసుకోండి.

పాత బరువుల్ని స్క్రూడ్రైవర్‌తో పీకబోతే ఆపండి. ప్లాస్టిక్ పట్టీ చాలు.

నట్లు ముందు చేత్తో, తర్వాత టార్క్ రెంచ్‌తో (బిగువు కొలిచి బిగించే పానాతో), ఎదురెదురుగా బిగించాలి. కుర్రాడు నట్లు బిగించే గన్ పట్టుకొస్తే "తమ్ముడూ, దాంతో వద్దు" అనడానికి మొహమాటపడకండి.

రిమ్ వంగి ఉంటే మాత్రం ఎన్ని గ్రాములు అంటించినా దండగే.