ఐదు సిట్టింగుల ప్రోస్టేట్ రేడియేషన్‌కి ఇలా సిద్ధం కండి

మా ఊళ్లో రేడియేషన్‌ని ఇప్పటికీ ‘కరెంటు పెట్టడం’ అనే అంటారు. 68వ ఏట నాకు ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలినప్పుడు, రెండు నెలలు హైదరాబాద్‌లో గది తీసుకుని ఉండాలేమో అని టెన్షన్ పడ్డాను. డాక్టర్ గారు రోజు విడిచి రోజు ఐదు సిట్టింగులు చాలన్నారు. ఇలా గురి చూసి, ఒక్కోసారి పెద్ద డోసు ఇచ్చే రేడియేషన్‌ని ఎస్‌బీఆర్‌టీ అంటారు.

జబ్బు ప్రోస్టేట్ దాటకుండా, తక్కువ లేదా మధ్యస్థ రిస్కులో ఉంటే దీని గురించి అడగండి. ఐదు సిట్టింగులనీ మామూలు రేడియేషన్‌నీ రోగుల మీద పోల్చి చూసిన పేస్-బి ట్రయల్ ఫలితాలు 2024లో వచ్చాయి. వాటిలో, ఐదేళ్లకి జబ్బు తిరగబెట్టనివాళ్లు ఐదు సిట్టింగుల వాళ్లలో 95.8 శాతం, 20 లేదా 39 సిట్టింగుల వాళ్లలో 94.6 శాతం. మూత్రం ఇబ్బందులు మాత్రం ఐదు సిట్టింగుల వాళ్లలోనే ఎక్కువ. అందుకే ధార సన్నగా వస్తున్నా, రాత్రి నాలుగైదుసార్లు లేస్తున్నా మొహమాటపడకుండా ముందే చెప్పండి.

మొదట ప్రోస్టేట్‌లో బియ్యపు గింజంత బంగారు గింజలు మూడు పెట్టారు, గురి కోసం. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు ఆ సంగతి చెప్పాలి, సొంతంగా ఆపకూడదు. వారం ఆగి సీటీ, ఎంఆర్ఐ తీసి ప్లాన్ వేశారు.

అసలు పని మన చేతిలో ఉన్నది ఇక్కడే. ప్రోస్టేట్ వెనక పేగు, పైన మూత్రాశయం. పేగులో గ్యాస్ చేరితే ప్రోస్టేట్ పక్కకి జరుగుతుంది. మూత్రాశయం కూడా రోజూ ఒకేలా నిండి ఉండాలి, అందుకే ముందు నీళ్లు తాగిస్తారు. ఒక్కో సిట్టింగుకి 7.25 గ్రే (రేడియేషన్‌ని కొలిచే యూనిట్), పెద్ద డోసు. కొన్ని మిల్లీమీటర్లు తప్పినా లెక్కే.

రెండో సిట్టింగు ముందు రాత్రి బంధువులింట్లో శనగపిండి బజ్జీలు తిన్నాను. స్కాన్ తీయగానే టెక్నీషియన్ అబ్బాయి లోపలికొచ్చి, “సార్, గ్యాస్ ఉంది, ఒకసారి బాత్రూమ్‌కి వెళ్లి రండి” అన్నాడు. తర్వాత స్క్రీన్ మీద చూపించాడు. పేగు ఉండాల్సిన చోట నల్లటి బుడగ. గంటన్నర పోయింది, నీళ్లు మళ్లీ తాగాల్సి వచ్చింది.

ఆ తర్వాత పప్పు, శనగలు, క్యాబేజీ, కూల్‌డ్రింకులు మానేశాను. ఇడ్లీ, బీరకాయ కూర, పెరుగన్నం. రాత్రి డాక్టర్ రాసిన విరేచనాల మందు. నీళ్లు ఇంట్లో తాగి బయల్దేరకండి, ట్రాఫిక్‌లో నరకం. ఆస్పత్రికి చేరాక, మెషీన్ టైముకి నడుస్తోందో లేదో కనుక్కుని, మూత్రానికి వెళ్లొచ్చి అప్పుడు తాగండి. నాకు అరలీటరు, 45 నిమిషాల ముందు అన్నారు. మీకు సీటీ రోజు ఎంత తాగమన్నారో రోజూ అంతే.

టేబుల్ మీద నొప్పేమీ ఉండదు. ఒంట్లో రేడియేషన్ మిగలదు, ఇంటికెళ్లి మనవడిని నిక్షేపంగా ఎత్తుకోవచ్చు. మూత్రంలో మంట నాకు రెండో వారంలో మొదలైంది. మాత్రలు వాడి, కాఫీ, కారం తగ్గిస్తే నెలకి సర్దుకుంది. మూత్రం పూర్తిగా ఆగిపోతే మాత్రం తెల్లారేదాకా చూడకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

పీఎస్ఏ, అంటే ప్రోస్టేట్ జబ్బుని కనిపెట్టడానికి చేసే రక్తపరీక్ష అంకె, ఒక్కసారిగా పడిపోదు. నాది 9.2 నుంచి ఆరు నెలలకి 2.1, ఏడాదికి 1.1. తర్వాత 1.5 అయితే రాత్రి నిద్ర పట్టలేదు. అన్నిటికన్నా తక్కువ వచ్చిన అంకె మీద 2 పెరిగితేనే జబ్బు తిరగబెట్టినట్టు లెక్క అని డాక్టర్ గారు కాగితం మీద రాసి చూపించారు. మూడు నెలల తర్వాత 0.9 వచ్చింది.