ఎంసీఏటీ మళ్లీ రాయలేదు, వ్యాసం మార్చాను

మొదటి ఏడాది అమెరికా మెడికల్ స్కూళ్లకు అప్లై చేస్తే ఒక్క ఇంటర్వ్యూ కూడా రాలేదు. అక్కడి ప్రవేశ పరీక్ష ఎంసీఏటీలో స్కోరు బాగానే ఉంది. మరి లోపం ఎక్కడ?

అమ్మ ముందు కూర్చుని నా పర్సనల్ స్టేట్‌మెంట్, అంటే డాక్టర్ ఎందుకు కావాలనుకుంటున్నానో చెప్పే వ్యాసం, పైకి చదివాను. మెడికల్ స్కూళ్లకు ఆన్‌లైన్‌లో అప్లై చేసే ఏఎమ్‌సీఏఎస్‌లో దానికి ఇచ్చేది 5,300 అక్షరాలే, ఖాళీలతో కలిపి. సగం నా అవార్డులకే పోయింది. "ఇందులో నువ్వెక్కడున్నావే?" అంది అమ్మ.

అవన్నీ తీసేశాను. పెద్దవాళ్లను చూసుకునే నర్సింగ్ హోమ్‌లో నేను వాలంటీరుగా ఉన్నప్పుడు ఒక తెలుగు పెద్దావిడ ప్లేటు పక్కకు నెట్టేసేవారు. నర్సును అడిగి, ఇంటినుంచి మెత్తగా కలిపిన చారన్నం తెచ్చి "తినండి అమ్మమ్మగారూ" అన్నాను. నాలుగు ముద్దలు తిన్నారు. వ్యాసం అక్కడే మొదలుపెట్టాను.

అప్లికేషన్‌లో యాక్టివిటీస్‌కు, అంటే మనం చేసిన పనులు, సేవలకు, 15 వరకు చోటుంది, అన్నీ నింపక్కర్లేదు. నేను 9 రాశాను. వాటిలో అతి ముఖ్యమైన 3 అనుభవాల వరకు ఒక్కోదానికి అదనంగా 1,325 అక్షరాలు ఇస్తారు. వారం రోజులు వాటిమీదే కూర్చున్నాను.

ఇంకో తప్పు, సెప్టెంబరులో పంపడం. చాలా స్కూళ్లు అప్లికేషన్లు వస్తుండగానే చూసి పిలుస్తాయి. ఈసారి ట్రాన్స్‌క్రిప్టులు (కాలేజీ మార్కుల రికార్డులు) ముందే తెప్పించి, జూన్ మొదట్లో పంపేశాను.

3 చోట్ల పిలిచారు. ఒకచోట ఆ పెద్దావిడ గురించే చాలాసేపు అడిగారు.