కడప మూడు గళ్ళు, కర్నూలు ఏడు: బ్రెయిలీ ఫాంటు తయారు చేసుకోవడం ఎలా

కర్నూలు పాతబస్తీలో డీటీపీ పని, బోర్డుల డిజైనింగు నా వృత్తి. ఈ మధ్య ఆఫీసుల వాళ్ళు, ఆసుపత్రుల వాళ్ళు "బోర్డు కింద బ్రెయిలీ కూడా వేయండి" అని అడుగుతున్నారు. మా లైన్లో చాలామంది చేసేదేమిటంటే, నెట్‌లో ఏదో ఒక బ్రెయిలీ ఫాంటు దించుకుని, కోరల్‌డ్రా అనే డిజైను సాఫ్ట్‌వేర్‌లో పేరు టైపు చేసి, బోర్డులో ఖాళీ ఎంతుంటే అంతకు లాగేస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. చదివేవాళ్ళకు మాత్రం అది ఉత్త గరుకు. అందుకే ఫాంటు సొంతంగా చేసుకోవడం మేలని చెబుతాను. తెలుగు ఫాంటుతో పోలిస్తే ఇది నూరోవంతు పని కూడా కాదు.

ముందు ఒక అలవాటు వదులుకోవాలి. బ్రెయిలీలో సైజు మన చేతిలో లేదు, వేలి కొస చేతిలో ఉంది. ఒక గడి, అంటే చుక్కల ఒక గుంపు, మొత్తం ఒక్క తాకుడులో అందాలి. ఫ్రాన్సులో చార్లెస్ బార్బియే చీకట్లో చదవడానికి పన్నెండు చుక్కల రాత ఒకటి కనిపెట్టాడు. అంత పెద్ద గడి వేలి కింద ఇమడలేదు. లూయీ బ్రెయిలీ దాన్ని ఆరు చుక్కలకు కుదించి 1829లో అచ్చు వేశాడు. ఆ ఆరు చుక్కలకే బోల్డు, ఇటాలిక్, కెర్నింగ్ (అక్షరాల మధ్య ఎడం సర్దడం) అంటూ మనం సోకులు చేయబోతే చదువు చెడిపోతుంది.

కొలతలకు నేను మార్‌బర్గ్ మీడియం అనే పద్ధతి పట్టుకుంటాను. యూరప్‌లో మందుల డబ్బాల మీద వాడేది ఎక్కువగా ఇదే. గడిలో చుక్క నడుమ నుంచి పక్క చుక్క నడుమకు 2.5 మిల్లీమీటర్లు, గడి నుంచి గడికి 6, వరుస నుంచి వరుసకు 10. చుక్క అడుగు వెడల్పు ఒకటిన్నర మిల్లీమీటరు.

ఇక ఫాంట్‌ఫోర్జ్ తెరవండి, అది ఫాంట్లు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్. ఎమ్ సైజు, అంటే అక్షరం గీసే చట్రం ఎత్తు, 1000 అలాగే ఉంచండి. ఆ వెయ్యి యూనిట్లు సరిగ్గా 10 మిల్లీమీటర్లు అని లెక్క పెట్టుకుంటే తలనొప్పి ఉండదు. చుక్క వ్యాసం 150, చుక్కల మధ్య 250, గడి వెడల్పు 600. ఎడమ చుక్కల నడుమ 175 దగ్గర, కుడి చుక్కలది 425 దగ్గర. నిలువున 600, 350, 100. ఎడమ వైపు పై నుంచి కిందికి 1, 2, 3; కుడి వైపు 4, 5, 6. ఈ ఫాంటును ఎప్పుడైనా 28.35 పాయింట్లకే వాడాలి, ఎందుకంటే 10 మిల్లీమీటర్లంటే అంతే. లీడింగు (వరుసల మధ్య ఎడం) కూడా 28.35 అని చేత్తో కొట్టండి. ఇన్‌డిజైన్ లాంటి పేజీ సాఫ్ట్‌వేర్‌ను ఆటో మీద వదిలేస్తే 120 శాతం వేసుకుని వరుసలను దూరం జరుపుతుంది.

చుక్కను ఒక్కసారే గీయండి. మిగతా చోట్ల కాపీ రిఫరెన్స్‌తో, అంటే అసలు చుక్కకు ముడిపడి ఉండే నకలుగా అతికించాలి. రేపు ప్రింటు పద్ధతి మారి చుక్క సన్నం చేయాల్సి వస్తే, ఒక్క చుక్క మారిస్తే అరవై మూడు గళ్ళూ మారిపోతాయి. పైథాన్ ప్రోగ్రామింగు కాస్త వచ్చిన వాళ్ళయితే చిన్న స్క్రిప్టుతో గళ్ళన్నీ చేయించుకోవచ్చు.

గళ్ళను ఏ కోడ్ దగ్గర పెట్టాలి? పాత బ్రెయిలీ ఫాంట్లు మన అను ఫాంట్ల లాంటివే, ఇంగ్లీషు మీటల మీద చుక్కలు ఎక్కించి కూర్చున్నాయి. ఫాంటు మారిందంటే బోర్డు మీద చెత్త. ప్రతి అక్షరానికీ ఒక స్థిరమైన నంబరు ఇచ్చే యూనికోడ్‌లో బ్రెయిలీకి 2800 నుంచి 28ఎఫ్‌ఎఫ్ దాకా సొంత చోటు ఉంది, అక్కడే పెట్టండి. లెక్క కూడా సులువు. ఒకటో చుక్కకు 1, రెండుకు 2, మూడుకు 4, నాలుగుకు 8, ఐదుకు 16, ఆరుకు 32. ఉన్న చుక్కలు కూడి, హెక్సా (పదహారు గుర్తుల లెక్క)లోకి మార్చి, 2800కి కలపడమే. 'క' అంటే 1, 3 చుక్కలు; 1, 4 కలిపితే 5; కాబట్టి 2805.

తెలుగు దగ్గరే అసలు కథ ఉంది. మన దేశ భాషలన్నిటికీ కలిపి 1951 నుంచి భారతి బ్రెయిలీ వాడుకలో ఉంది. అందులో గుణింతాలు, ఒత్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కవు, అన్నీ వరుసలో నిలబడతాయి. కడప అన్న మాట మూడు గళ్ళలో అయిపోతుంది: క 1-3, డ 1-2-4-6, ప 1-2-3-4. మొత్తం 18 మిల్లీమీటర్లు. కర్నూలు కూడా కంటికి మూడక్షరాలే. వేలికి మాత్రం ఏడు గళ్ళు: క, ఆపైన పొల్లు, ర, న, ఊ, ల, ఉ. అంటే 42 మిల్లీమీటర్లు. అనంతపురం ఎనిమిది గళ్ళు, 48 మిల్లీమీటర్లు. కాబట్టి బోర్డు కొలత ఖరారు చేసే ముందే గళ్ళు లెక్కపెట్టుకోండి. తెలుగు పేరు పొడవు చూసి బ్రెయిలీ పొడవు అంచనా వేయడం కుదరదు.

కర్నూలులో ఇంకో మెలిక గమనించారా? మనం టైపు చేసేటప్పుడు ర కొట్టి, పొల్లు కొట్టి, న కొడతాం. బ్రెయిలీలో పొల్లు గుర్తు, అంటే ఒంటరి నాలుగో చుక్క, 'ర' కంటే ముందే వస్తుంది. ఈ మార్పిడిని ఫాంటు లోపలి సబ్‌స్టిట్యూషన్లతో (ఒక అక్షరం బదులు ఇంకోటి చూపే సూత్రాలతో) చేయిద్దామని కొందరికి ఉత్సాహం వస్తుంది. వద్దు. తెలుగు ఒత్తులను కంప్యూటరు పేర్చే పద్ధతితో కలిసి అది చిక్కుముడి అవుతుంది. మార్పిడికి లిబ్‌లూయీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఫాంటు చుక్కలు చూపిస్తే చాలు. అంకెలకు ముందు 3-4-5-6 గడి పెట్టడం మరవకండి. అది లేకపోతే రూమ్ నంబరు 12 కాస్తా 'అబ' అవుతుంది. అన్నట్టు ఆ గడే మామూలుగా 'ణ'.

చూపున్నవాళ్ళూ, లేనివాళ్ళూ ఒకే అక్షరాన్ని చదివేలా చేయవచ్చా? జపాన్‌లో కోసుకే తకహాషి అనే డిజైనరు బ్రెయిలీ న్యూయె అన్న ఫాంటులో చుక్కలను గీతలతో కలిపి ఇంగ్లీషు, జపాను అక్షరాలు తెచ్చాడు. అది చూసి తెలుగుకూ చేయాలనిపించడం సహజం. కడపకు కుదురుతుంది: ఒక్కో అక్షరానికి ఒక్కో గడి, పైన తలకట్టుకు చోటు. కర్నూలుకు ఎట్లా? 'ర్నూ' ఒక్కదాని కిందే నాలుగు గళ్ళు, 24 మిల్లీమీటర్లు. పక్కన 'క' ఆరు మిల్లీమీటర్లలో ముడుచుకుని ఉంటే, 'ర్నూ' గేదెలా పడుకుని ఉంటుంది. పైగా ఆరు మిల్లీమీటర్ల తెలుగక్షరం గోడ మీద ఎవరికి కనబడుతుంది? నా ఉద్దేశంలో ఈ కలగలుపు లిఫ్టు బటన్లకు, మందు సీసాల లేబుళ్ళకు సరి. తలుపు బోర్డుకు పైన పెద్ద తెలుగు, కింద విడిగా బ్రెయిలీ; అంతకు మించిన డిజైను నాకు తోచలేదు.

చుక్కలు కాకుండా అక్షరాన్నే ఉబ్బెత్తుగా చేయడం ఇంకో దారి. 1786లో పారిస్‌లో వాలంటిన్ ఆయీ (Haüy) అనే ఆయన మామూలు అక్షరాలనే ఉబ్బెత్తుగా అచ్చు వేయించాడు. వేలితో వాటిని చదవడం మహా నిదానం. ఇంగ్లండులోని బ్రైటన్‌లో విలియం మూన్ 1845లో అక్షరాలను కొన్ని తేలిక గీతలు, వంపులకు తగ్గించాడు. పెద్ద వయసులో చూపు పోయి, చుక్కలు నేర్చుకునే ఓపిక లేనివాళ్ళకు అది పనికొచ్చింది. షుగరు వల్ల చూపు పోగొట్టుకున్న పెద్దలు మన దగ్గరా ఉన్నారు, వాళ్ళకు తెలుగక్షరం తెలుసు. ఎవరైనా ఆ పని తలపెడితే లావు సన్నాలు తీసేసి ఒకే మందం గీత పెట్టండి, తలకట్టును ఒంటి నుంచి బాగా ఎడంగా ఉంచండి. ద, ధ, ప, ఫ, బ, భ దగ్గర తేడా చూపే చిన్న గీతను రెట్టింపు చేయండి.

ఫాంటు తయారయ్యాక మెటీరియల్ చూడాలి. వేడికి ఉబ్బే కాగితం ఒకటి ఉంటుంది, నల్ల ఇంకు ఉన్నచోట పైకి లేస్తుంది. లేచేటప్పుడు పక్కకూ వ్యాపిస్తుంది కాబట్టి చుక్కను 150 కంటే కొంచెం తగ్గించండి. బోర్డుకైతే అక్రిలిక్‌లో సీఎన్‌సీ (కంప్యూటరుతో నడిచే కోత మెషీన్)తో రంధ్రాలు వేసి 1.6 మిల్లీమీటర్ల గుండ్లు దిగ్గొట్టడం నాకు నచ్చిన పద్ధతి. సగం పైకి ఉంటే ఎత్తు 0.8, అమెరికా వాళ్ళ బోర్డుల నిబంధన అడిగే 0.6 నుంచి 0.9 లోపలే. చూపున్నవాళ్ళకు నేర్పేందుకు ఖాళీ చుక్కల చోట సన్న వలయాలు గీస్తుంటారు. అది విడి ఫాంటుగా ఉంచండి, బోర్డులోకి రానివ్వకండి.

బోర్డు ఎక్కించే ముందు బ్రెయిలీ చదివేవాళ్ళ వేలి కింద పెట్టాల్సిందే. నాకు బ్యాంకులో పనిచేసే ఒక అన్న ఉన్నాడు. ఒకసారి పక్క షాపులో చేసిన నమూనా ఆయన చేతికిస్తే, రెండుసార్లు తడిమి, "ఏమప్పా, ఈడ గడి యాడ అయిపోతాంది, యాడ మొదలైతాంది?" అన్నాడు. కొలిచి చూస్తే గడికీ గడికీ మధ్య కెర్నింగు తగ్గించి ఉంది. విడి అక్షరాలు కాకుండా పూర్తి మాటలే ఇవ్వండి. ఒంటరి నాలుగో చుక్క పక్కన ఏదీ లేకపోతే అది నాలుగో ఆరో చదివేవాళ్ళకు మాత్రం ఎలా తెలుస్తుంది? ముందే చెప్పకండి, ఏం చదివారో వాళ్ళనే చెప్పనివ్వండి.

సీఎన్‌సీ షాపుకు ఫైలు పంపేటప్పుడు అక్షరాలను కర్వ్స్‌లోకి (ఫాంటు అక్కర్లేని గీతల్లోకి) మార్చండి, కెర్నింగు, జస్టిఫై రెండూ తీసేయండి. డిజైను పక్కనే సరిగ్గా 100 మిల్లీమీటర్ల గీత ఒకటి గీసి పెట్టండి. మెషీన్ మీద ముందు ఆ గీతనే వేయించి స్కేలుతో కొలవమనండి. 99 వచ్చినా 101 వచ్చినా ఎక్కడో ఫిట్ టు పేజ్ నొక్కారన్నమాట, రంధ్రాలు మొదలుపెట్టనివ్వకండి.