వీడియో సర్క్యూట్లు నేర్చుకుందాం – 4: ఆపేసిన ఛానెల్ కూడా బరువే

అల్లూరు వైపు ఒక రొయ్యల గుంట దగ్గర కాపలా షెడ్డు ఉంది. గట్టు మీద రెండు పాత అనలాగ్ కెమెరాలు, షెడ్డులో ఒక మానిటర్, సోలార్ ప్యానెల్, ఒక బ్యాటరీ. రాత్రిళ్లు ఏ కెమెరా కావాలంటే అది చూడాలి, బ్యాటరీ తెల్లారేదాకా ఆగాలి. ఈ వారం మనం చేయబోయే స్విచ్ దానికోసమే.

కిందటి పాఠంలో కేబుల్ డ్రైవర్ (వీడియోను కేబుల్‌లోకి తోసే సర్క్యూట్) చేశాం కదా. ఆంప్ (యాంప్లిఫయర్) గెయిన్ 2, అంటే సిగ్నల్‌ను రెట్టింపు చేస్తుంది, దాని అవుట్‌పుట్‌లో 75 ఓములు, మానిటర్ దగ్గర ఇంకో 75. సగం అక్కడ పోయినా 1 వోల్టు వీడియో అలాగే అందుతుంది. ఇప్పుడు అలాంటివి రెండు కట్టి, వాటి 75 ఓముల చివరలను ఒకచోట కలుపుతాం. ఏడీ8013 లాంటి చిప్‌లో మూడు ఆంప్‌లుంటాయి, ఒక్కోదానికి విడిగా డిసేబుల్ పిన్ (ఆ ఆంప్‌ను ఆపే కాలు) ఉంటుంది. ఒకదాన్ని ఆన్ చేసి ఇంకోదాన్ని ఆపితే స్విచ్ అయిపోయినట్టే అనిపిస్తుంది.

నేనూ మొదటిసారి అలాగే కట్టాను. స్కోప్ పెట్టి చూస్తే 1 వోల్టు రావాల్సిన చోట 0.98 వచ్చింది. సోల్డరింగ్ మీద అనుమానంతో ఒక పూటంతా పోగొట్టుకున్నాను. తప్పు సోల్డరింగ్‌లో లేదు. ఆంప్‌ను ఆపితే దాని అవుట్‌పుట్ మాత్రమే వదిలేస్తుంది. గెయిన్‌ను నిర్ణయించడానికి దాని చుట్టూ పెట్టిన ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్లు లైన్ మీదే వేలాడుతుంటాయి. 750, 750, వాటికి తోడు 75, మొత్తం 1575 ఓములు గ్రౌండ్‌కు పోతున్నాయి. మానిటర్ 75తో అవి సమాంతరంగా కలిస్తే 71.6. ఆన్‌లో ఉన్న ఆంప్ ఇచ్చే 2 వోల్టులను 71.6తో గుణించి 146.6తో (71.6 + 75) భాగించండి, 0.977 వస్తుంది. అదే కెమెరాలు నాలుగైతే ఆపేసినవి మూడు, లైన్ మీద 525 ఓములు. అప్పుడు వచ్చేది 0.93 వోల్టులే. తెలుపు మసకబారడం కంటికి తెలుస్తుంది.

రెండు మార్పులతో దీన్ని సరిచేస్తాం. అవుట్‌పుట్ రెసిస్టర్ 75 బదులు 79 దాకా పెంచాలి. గెయిన్ 2 బదులు 2.1 ఉండాలి. ఫీడ్‌బ్యాక్ 750ని కదపకండి, ఎందుకంటే ఇలాంటి కరెంట్ ఫీడ్‌బ్యాక్ రకం ఆంప్‌లో బ్యాండ్‌విడ్త్‌ను (ఎంత వేగమైన సిగ్నల్‌ను మోయగలదో) నిర్ణయించేది అదే. దాని మీద కెపాసిటర్ కూడా పెట్టకండి, ఆంప్ ఆసిలేట్ అవుతుంది, అంటే తనంతట తానే ఊగిపోతుంది. గ్రౌండ్‌కు పోయే రెండోదాన్ని 680 చేయండి. 1 + 750/680 అంటే 2.10. 79 ఓముల రెసిస్టర్ నెల్లూరు ట్రంకు రోడ్డు షాపుల్లో దొరక్కపోవచ్చు, 75కి వరసలో 3.9 కలిపితే చాలు. ఇప్పుడు ఆపేసిన ఛానెల్ 1509 ఓములు. మళ్లీ లెక్క వేస్తే మానిటర్‌కు 0.999 వోల్టులు, లైన్‌కు కనిపించే ఇంపెడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే అడ్డు) దాదాపు సరిగ్గా 75. కాగితం మీద ఒక్కసారి చేసి చూడండి, తర్వాత ఎప్పటికీ మర్చిపోరు.

బ్యాటరీ సంగతి. డేటాషీట్‌లో ఆంప్‌కు 4 మిల్లీ ఆంపియర్లకు మించదని చూసి సంతోషపడతాం. అది ఖాళీగా ఉన్నప్పటి కరెంటు. 1 వోల్టు వీడియోలో సింక్ (బొమ్మను నిలబెట్టే గుర్తు) పోగా పూర్తి తెలుపు సిగ్నల్ 0.7 వోల్టులు, ఆంప్ దగ్గర 1.4. దాన్ని 150 ఓములలోకి తోయాలంటే 9.3 మిల్లీ ఆంపియర్లు కావాలి. ఎంత పొదుపైన చిప్ పెట్టినా ఇది తప్పదు. చూడని ఛానెల్‌ను ఆపేయడంలోనే అసలు ఆదా ఉంది.

స్విచ్ నొక్కగానే మానిటర్‌లో బొమ్మ ఒక్క క్షణం దొర్లుతుంది. రెండు కెమెరాల సింక్ వేరువేరు కాబట్టి అలా జరుగుతుంది, మీ సర్క్యూట్‌ను అనుమానించకండి.

ఇక రిసీవర్, అంటే కేబుల్ చివర షెడ్డులో సిగ్నల్‌ను అందుకునే సర్క్యూట్. ఏరేటర్లు తిరగడం మొదలుపెట్టగానే బొమ్మ మీద నల్లటి పట్టీ మెల్లగా పాకుతుంటే, గట్టు మీది ఎర్తుకూ షెడ్డు ఎర్తుకూ మధ్య వోల్టేజీ ఉందని అర్థం. మన కరెంటు 50 హెర్ట్జ్, మన కెమెరాల పాల్ పద్ధతిలో ఫీల్డులు (సగం బొమ్మలు) సెకనుకు 50, అందుకే పట్టీ పరుగెత్తకుండా పాకుతుంది. చాలామంది ఎర్తు వైరు పీకేస్తారు. నీళ్ల పక్కన ప్రాణాలు పోతాయి, దయచేసి ఆ పని ఎప్పుడూ చేయకండి. కేబుల్ షీల్డును రిసీవర్ గ్రౌండ్‌కు కలపకుండా నాలుగు 1 కిలో ఓము రెసిస్టర్లతో డిఫరెన్స్ ఆంప్ (రెండు ఇన్‌పుట్‌ల తేడాను మాత్రమే ఇచ్చే ఆంప్) కట్టండి. లోపలి తీగ ఒక ఇన్‌పుట్‌కు, షీల్డు రెండో ఇన్‌పుట్‌కు. కేబుల్ తగిలించే బీఎన్‌సీ సాకెట్ ఇనుప డబ్బాకు తగలకూడదు, తగిలితే పడిన శ్రమంతా వృథా.

రెసిస్టర్లు 1 శాతం రకమైతే, వాటి తేడాలన్నీ చెడు వైపే పడినా హమ్ (ఆ ఎర్తు వోల్టేజీ గోల) యాభయ్యో వంతుకు తగ్గుతుంది. ఎర్తుల మధ్య అర వోల్టు ఉంటే బొమ్మలో 10 మిల్లీ వోల్టులు మిగులుతాయి. 0.1 శాతం రకానికి ఒక మిల్లీ వోల్టే. డబ్బులు ఇక్కడ పెట్టండి, ఆంప్ మీద కాదు. కేబుల్ చివర టెర్మినేషన్ (లోపలి తీగకూ షీల్డుకూ మధ్య పెట్టే రెసిస్టర్) కూడా 75 కాదు, ఈ ఇన్‌పుట్‌ల మధ్య 2 కిలో ఓములు ఉంటాయి కాబట్టి 78 దాపుల్లో ఉండాలి.

వచ్చే పాఠంలోపు మూడో కెమెరా చేర్చి లెక్క చేయండి. ఫీడ్‌బ్యాక్ 750 అలాగే ఉంచండి. అవుట్‌పుట్ రెసిస్టర్ 84, గ్రౌండ్ రెసిస్టర్ 605 దాపుల్లో రావాలి.